ప్రార్థనకు తెచ్చిన చక్రాలు

మంచు కరిగే రోజుల్లో మా పేట రోడ్లన్నీ గుంతలు పడేవి. షికాగోకి పడమరగా, నేపర్‌విల్ దాటి కొంచెం అవతల, రైలు పట్టాల పక్కన ఉండేవి మా అపార్ట్‌మెంట్లు. ఎనభైల మధ్యలో ఒక ఉదయం ఆఫీసుకి వెళ్తూ, నీళ్ళు నిండి రోడ్డులాగే కనిపించిన ఒక గుంతలోకి కారు దింపాను. టైరు పగలలేదు గాని ముందు చక్రం ఉక్కు అంచు లోపలికి నొక్కుకుపోయింది. ఆ రోజు నుంచి కారు కొంచెం వేగం అందుకుంటే చాలు, స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

అది రెండు తలుపుల జపాన్ కారు. పొట్టిది, ఎర్రది, నేలకి దగ్గరగా ఉండేది. వెనక సీటు ఉందన్న పేరే గాని అందులో బైబిలు సంచీ, గొడుగు తప్ప ఏవీ పట్టేవి కావు. ఎవరో రెండేళ్ళు నడిపి అమ్మేస్తే కొన్నాను. ఒంటరిగా ఉన్నవాడికి అలాంటి కారెందుకని అడిగేవాళ్ళు లేరు గనక కొన్నానేమో. ఆదివారం ఆరాధన మధ్యాహ్నానికి అయిపోయేది. మళ్ళీ సోమవారం ఆఫీసులో ఎవరికో గుడ్ మార్నింగ్ చెప్పేదాకా నోరు విప్పే పని ఉండేది కాదు. ఆ మధ్యాహ్నాలు మొక్కజొన్న చేల మధ్య రోడ్ల మీద కారు నడుపుకుంటూ, అద్దాలు పైకెత్తుకుని, చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనలు పాడుకునేవాణ్ణి. మలుపుల దగ్గర ఆ కారు చెప్పినమాట వినేది. నా జీవితంలో అప్పటికి చెప్పినమాట వినేది అదొక్కటే.

పై అంతస్తులో వరంగల్ వైపు నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. ఆయన ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చేసేవాడు. నాకన్నా పెద్దవాడు కాబట్టి అన్నా అనేవాణ్ణి, ఆవిడని వదినా అనేవాణ్ణి. నేను క్రైస్తవుణ్ణని ఆయన నన్ను బ్రదర్ అని పిలిచేవాడు. ఎక్కిరింపే, కానీ ఆ పిలుపు నాకు ఇష్టంగా ఉండేది. శని, ఆదివారాల్లో వాళ్ళకి ఎవరో ఒకరి ఇంట్లో పూజలు, వ్రతాలు, భోజనాలు. మొదట్లో నన్నూ పిలిచేవారు. నేను రాకపోవడం అలవాటయ్యాక, వదిన మర్నాడు పులిహోర డబ్బా మాత్రం తెచ్చి ఇచ్చేది. "దేవుని ముంగట పెట్టకముందే తీసిన. తినొచ్చు మీరు" అనేది. ఆ మాట కోసం ఆవిడని నేను ఎప్పటికీ మరువను.

చక్రం సంగతి చెప్పగానే అన్న నవ్వాడు.

"పాత కార్ల జంక్‌యార్డ్‌కి పోయి ఒక్క ఉక్కు చక్రం తెచ్చుకుంటే అయిపాయె. దానికి నాలుగు కొత్తవి కొంటవా బ్రదర్?"

"అల్యూమినియంవి పెడదామనుకుంటున్నానన్నా. తేలిగ్గా ఉంటాయి."

"తేలిగ్గ ఉంటే ఏమైతది?"

పంపులు తయారుచేసే కంపెనీలో డ్రాయింగులు గీయడం నా ఉద్యోగం. ఇలాంటి ప్రశ్న కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాడిలా చెప్పుకుపోయాను. కారు బరువంతా స్ప్రింగుల మీద ఉంటుంది. చక్రాల బరువు మాత్రం స్ప్రింగులకి కింద ఉంటుంది. మనిషి భుజాన మోసే మూట వేరు, కాళ్ళకి కట్టుకున్న గుండు వేరు. ఆ గుండు తేలికైతే రోడ్డు ఎత్తుపల్లాలకి చక్రం తొందరగా లేస్తుంది, తొందరగా దిగుతుంది. కదలడం సులువు, ఆగడం సులువు. అన్న అంతా విని వదిన వైపు చూశాడు.

"పెండ్లి చేసుకో అంటే చేసుకోడు. కారుకు మాత్రం కొత్త చెప్పులు కావాలెనట."

"ఊకోండి జర. ఆయన కారు, ఆయన ఇష్టం."

"పరుగు పందెంలో ఉన్నవాడు బరువు దించుకోవాలని మా వాక్యంలో కూడా ఉందన్నా" అన్నాను.

"కారు గురించే చెప్పిండా మీ దేవుడు?"

కారు గురించి కాదని నాకూ తెలుసు. నిజానికి ఆ వారాల్లో ఆ విషయం మీద ప్రార్థన చేశాను. ఇది డాబు కోసమా, అవసరమా అని ప్రభువునే అడిగాను. చక్రం ఎలాగూ మార్చాలి. మెరిసే వాటి జోలికి పోకుండా, నా జీతానికి మించకుండా, పనికొచ్చే వాటిని చూసుకుంటే తప్పు లేదనిపించింది. మనసుకి శాంతి కలిగాకే పత్రికలు ముందేసుకున్నాను.

కార్ల పత్రికల చివరి పేజీల నిండా చక్రాల బొమ్మలుండేవి. ధర ఉండేది, రంగు ఉండేది, బరువు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ఫోన్ చేసి అడిగితే, "బరువా? చూడ్డానికి బాగుంటాయండి" అనేవారు. ఒకామె, "ఇది ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఉండండి" అని వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, "మోయగలిగాను" అని చెప్పింది. ఆ జవాబు నిజాయితీగా ఉందనుకున్నాను.

చివరికి వదిన స్నానాలగదిలో ఉన్న బరువు చూసుకునే మిషను అడిగి తీసుకుని, అన్నని వెంటబెట్టుకుని, హైవే పక్కన ఉన్న పెద్ద టైర్ల దుకాణానికి వెళ్ళాను. ముందు నేను ఒక్కణ్ణే మిషనెక్కి, తర్వాత చక్రాన్ని కావలించుకుని ఎక్కి, రెండో అంకెలోంచి మొదటిది తీసేయడం నా పద్ధతి. అన్న వంగి అంకె చదవాలి. దుకాణం మధ్యలో నేనలా నిలబడితే, అన్న చుట్టూ చూసి, కోటు కాలరు పైకి లాక్కున్నాడు.

"మనవాళ్ళు ఎవరన్న చూస్తే నా పరువు పోతది. తొందరగ దిగు."

"అంకె చెప్పన్నా."

"నువ్వు బరువు పెరిగినవు. అదొక్కటి కనిపిస్తున్నది."

అమ్మకాల మనిషి ముందు నవ్వాడు, తర్వాత ఆసక్తిగా తనూ వంగి చూడటం మొదలుపెట్టాడు. అతను మొదట చూపించింది జల్లెడలా సన్నని అల్లికతో, అంచు అద్దంలా మెరిసే చక్రం. ఆ ఏడాది అందరూ అవే కొంటున్నారట. మిషను మీద అది, ముందే టైరు విప్పించి తూచుకున్న నా వంగిపోయిన ఉక్కు చక్రం కన్నా ఎక్కువ తూగింది. "అల్యూమినియం కదా, ఎలా సాధ్యం?" అన్నాడతను తన మీద తనకే అనుమానం వచ్చినట్టు. ఎలా సాధ్యమో పోత పని చూసినవాళ్ళకి తెలుస్తుంది. చవగ్గా పోసేటప్పుడు ఎక్కడ పగులుతుందోనన్న భయంతో లోహం దండిగా పోస్తారు. మెరుగు పైన ఉంటుంది, బరువు వెనక దాక్కుంటుంది. రెండోది మెగ్నీషియంది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ అట్టపెట్టె ఎత్తినట్టుంది. ధర విని మర్యాదగా కింద పెట్టేశాను. పైగా ఈ చలి ఊళ్ళో మంచు కరగడానికి రోడ్ల మీద పోసే ఉప్పుకి అది తట్టుకోదు.

మూడోది గోడ వారన, అమ్ముడుపోని సరుకులో దొరికింది. ఎనిమిది ఆకుల చక్రం. బండి చక్రానికి ఉన్నట్టే నిటారు ఆకులు, బూడిద రంగు, ఏ సింగారమూ లేదు. ఫ్యాషన్ పోయిందని తగ్గింపు ధర చీటీ అంటించారు. మిషనెక్కితే అన్న రెండుసార్లు చదివాడు. ఉక్కుదానికన్నా మూడో వంతు తక్కువ. తిప్పి వెనకవైపు చూశాను. ఆకు అంచుని కలిసే చోట మూల కోసినట్టు కాకుండా నున్నగా ఒంపు తిరిగింది. ఎంత బరువు మోయగలదో ముద్ర కొట్టి ఉంది. నా కారుకి ఉన్నట్టే నాలుగు బోల్టుల కన్నాలు, వాటి మధ్య దూరమూ సరిపోయింది. ఒకటి బిగించి చూస్తామంటే దుకాణంవాళ్ళు ఒప్పుకున్నారు. లోపల బ్రేకుకీ చక్రానికీ మధ్య నా వేలు సులువుగా దూరింది. బయటకి పొడుచుకు రాలేదు, లోపలికి కూరుకుపోలేదు.

"గిదేనా? మా తాత ఎడ్లబండి చక్రం లెక్కున్నది" అన్నాడు అన్న.

"ఇదేనన్నా."

నాలుగూ అట్టపెట్టెల్లో కట్టించుకున్నాను. టైర్లు ఎక్కించమంటారా అని అడిగితే, సోమవారం తీసుకొస్తానన్నాను. కారులో కూర్చున్నాక అన్న అడిగాడు.

"ఎందుకు ఆపినవు?"

"ముందు ప్రార్థన చేయించాలి."

"మంచిది. మేమైతే గుడికి తీసుకపోతం, నిమ్మకాయలు తొక్కిస్తం. మీ పాస్టరు చక్రాలకు బాప్తిస్మం ఇస్తడా? ముంచుడా, చల్లుడా?"

"మాది ముంచుడే."

"అయితే తుప్పు పడుతది" అని, తన జోకుకి తనే ఇంటిదాకా నవ్వుతూ వచ్చాడు.

మా వైపు సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. కృష్ణా నదికి ఇవతల, నేను పెరిగిన ఊళ్ళో, ఎవరి ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా వాడకముందు గుడికి తెచ్చేవారు. కుట్టుమిషను, సైకిలు, నాగలి కర్రు, ఆడపిల్ల కాలేజీ పుస్తకాలు. ఆదివారం పొద్దున్నే తెచ్చి ప్రసంగ వేదిక ముందు పెట్టి వెళ్ళి తమ చోట్లో కూర్చునేవారు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆరాధన చివర పాస్టరు గారు ఎవరిదని అడుగుతారు. వాళ్ళు లేచి ముందుకి వస్తారు. వస్తువు మీద ఒక చెయ్యి, మనిషి తల మీద ఒక చెయ్యి వేసి ప్రార్థిస్తారు. ఆ ఇంటివాళ్ళ కష్టం, సుఖం, అప్పు, జబ్బు అన్నీ ఆ ప్రార్థనలోకి వస్తాయి. సంఘమంతా వింటుంది. తర్వాత వాళ్ళ వస్తువు వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. దేవునికి ఇచ్చేసే వస్తువులు వేరు. వాటికి కోతకాలపు పండుగ ఉంది, వేలం ఉంది. ఈ రెండింటికీ తేడా మా ఊళ్ళో పసిపిల్లవాడికి కూడా తెలుసు.

నేను వెళ్ళే అమెరికన్ సంఘంలో ఇలాంటిది ఒక్కసారి కూడా చూడలేదు. కొత్త వస్తువులు అందరి దగ్గరా ఎప్పుడూ ఉంటాయి గనక బహుశా ఎవరూ తేవడం లేదనుకున్నాను. తెస్తే చేస్తారన్న విషయంలో నాకు అనుమానమే రాలేదు. అదే దేవుడు, అదే వాక్యం.

అక్కడ నేను సభ్యుణ్ణై రెండేళ్ళు దాటింది. మంచివాళ్ళు. తలుపు దగ్గర చెయ్యి కలిపి ఎలా ఉన్నావని అడిగేవారు. నేను జవాబు వెతుక్కునేలోపు వాళ్ళ చెయ్యి వెనకవాళ్ళ చేతిలో ఉండేది. ఆ శీతాకాలంలోనే ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుని, మా గుడికి మొదటిసారి వచ్చావా నాయనా అని ప్రేమగా అడిగింది. అవునని చెప్పి ఉంటే తేలికయ్యేది. కాదని నిజం చెప్పేసరికి ఆవిడ ఎంత నొచ్చుకుందో!

దాచుకోవడం దేనికి, నాకు కావలసింది చక్రాలకి ప్రార్థన ఒక్కటే కాదు. ఇవి ఎవరివని పాస్టరు గారు అడగాలి. నేను లేచి ముందుకి వెళ్ళాలి. నా తల మీద చెయ్యి పడాలి. ఎక్కడివాడివి, ఏం చేస్తావు, ఇంట్లో ఎవరున్నారు అని వాళ్ళు తెలుసుకోవాలి. ఆ గుడిలో ఒక్క మనిషైనా నన్ను ఎరిగి ఉండాలి. అంతకన్నా పెద్ద కోరిక ఆ రోజుల్లో నాకు లేదు.

ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళాను. నాలుగు చక్రాలూ మోసుకెళ్ళి, ప్రసంగ వేదిక ముందు తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద వరసగా పెట్టాను. తలుపు దగ్గర ఆ రోజు పాటల వరస రాసిన కార్యక్రమ పత్రాలు పంచే ముసలాయన, రైల్లో టిక్కెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పత్రాలు సర్దుకుంటూ నన్ను చూసి తలూపాడు. నేనూ తలూపాను. మా మధ్య అంతకుమించి మాటలు ఎప్పుడూ జరగలేదు. అక్కడ నుంచి వాక్య తరగతికి పక్క గదిలోకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి వేదిక ముందు ఏమీ లేదు. తువ్వాలు మడిచి మొదటి బల్ల మీద పెట్టి ఉంది. నడవడానికి అడ్డమని పక్కకి తీసి ఉంటారనుకున్నాను. పాటలు అయ్యాయి. ప్రకటనల దగ్గర పాస్టరు గారు ఆ శనివారం జరగబోయే మిషన్ అమ్మకం గురించి చెప్పారు. విదేశాల్లో సేవ చేసేవారి కోసం ఇళ్ళలో మిగిలిన సామాన్లు తెచ్చి, నేలమాళిగలో అమ్మి డబ్బు పంపడం అక్కడ ఏటా జరిగేదే. "ఈ వారం ఎంతోమంది పాత దీపాలు, పాత కుర్చీలు తెచ్చారు. సంతోషం. కానీ మన ఇండియా సహోదరుడు ఈ రోజు ఇంకా వాడని నాలుగు కొత్త కారు చక్రాలు తెచ్చి దేవుని ముందు పెట్టాడు. సహోదరా, ఒకసారి లేచి నిలబడు."

లేచి నిలబడ్డాను. కూర్చునే ఉండటం మర్యాద కాదనిపించింది. గుడిలో చప్పట్లు కొట్టని వాళ్ళు ఆ రోజు చప్పట్లు కొట్టారు. మొదటిసారి వచ్చావా అని అడిగిన పెద్దావిడ వెనక్కి తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వింది. ఏం జరిగిందో అర్థమవుతూ ఉండగానే ఒళ్ళంతా వెచ్చగా అయింది. అది నిజం. చక్రాలు పోయాయన్న బాధ ఆ క్షణంలో ఎక్కడా లేదు.

ఆరాధన తర్వాత నా చుట్టూ మనుషులు నిలబడ్డారు. చేతులు కలిపి వెంటనే వదిలెయ్యలేదు. పత్రాలు పంచే ముసలాయన గుంపులోంచి వచ్చి, "యంగ్ మ్యాన్, ఈ రోజు మా ఇంట్లో భోంచేద్దువుగాని" అన్నాడు. ఆ దేశంలో అడుగుపెట్టాక ఒక అమెరికన్ ఇంటికి నన్ను భోజనానికి పిలవడం అదే మొదలు. వస్తానన్నాను.

వాళ్ళ ఇల్లు గుడికి దగ్గరే. ఆయన భార్య, పొట్టిగా, హుషారుగా ఉండే మనిషి, మాంసం, బంగాళాదుంపలు, కేరెట్లు కలిపి ఓవెన్‌లో పెట్టి గుడికి వచ్చిందట. ఇల్లంతా ఆ వాసన. బల్ల దగ్గర కూర్చోగానే చెరొకరు నా చెరొక చెయ్యీ పట్టుకున్నారు. ముసలాయన తల వంచాడు.

"ప్రభువా, తనకున్న మంచిదాన్ని నీ పనికి ఇచ్చేసిన ఈ యువకుడి కోసం నీకు వందనాలు. ఇలాంటి మనసు మాకూ దయచెయ్యి."

ఇద్దరూ నా చేతులు నొక్కి వదిలారు. ఆవిడ నా పళ్ళెంలో మాంసం వడ్డించడం మొదలుపెట్టింది. తొలి సంఘంలో, ఇవ్వనిదాన్ని ఇచ్చామని చెప్పి, అపొస్తలుల పాదాల దగ్గర పడి చచ్చిపోయిన భార్యాభర్తల సంగతి చిన్నప్పుడు ఆదివార బడిలో కంఠతా పట్టినవాణ్ణి. చావు గురించి భయపడలేదు. నేను ఊరుకుంటే చక్రాలు పోతాయి, ఈ బల్ల దక్కుతుంది. ఊరుకోకపోతే ఈ బల్ల పోతుంది. కానీ ఈ బల్ల దగ్గర వీళ్ళు కూర్చోబెట్టుకున్నది నన్ను కాదు, చక్రాలు ఇచ్చేసిన ఇంకెవరినో. వాడి పళ్ళెంలోది నేనెలా తినను?

"నేను వాటిని ఇవ్వలేదండీ" అన్నాను.

ఆవిడ గరిటె ఆగింది. ముసలాయన, "ఏమిటీ?" అన్నాడు.

"అవి నా కారుకి కొనుక్కున్నాను. ప్రార్థన కోసం తెచ్చాను. చేయించుకుని ఇంటికి తీసుకెళ్దామని."

"ప్రార్థన. దేనికి?"

"చక్రాలకి."

తర్వాత నేను మా ఊరి పద్ధతి మొత్తం చెప్పాను. కుట్టుమిషను, నాగలి కర్రు, తల మీద చెయ్యి, అన్నీ. ముసలాయన మొహం మెల్లగా ఎర్రబడింది.

"వాటిని కిందికి మోసింది నేనే" అన్నాడు. "నాలుగూ నేనే మోశాను. పాస్టరుకి చెప్పిందీ నేనే."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు దగ్గు అనుకున్నాను. నవ్వు. ఆపుకోలేక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది. "ఇంత పెద్ద గుడి, ఇంతమంది మనుషులం. పాపం ఈ అబ్బాయి ప్రార్థన కావాలని తెస్తే ధర చీటీ కట్టాం!"

"నవ్వేదేముంది ఇందులో?" అన్నాడాయన. కోటు తీసుకున్నాడు. గోడకి వేలాడుతున్న తాళాలు తీసుకున్నాడు. "పద, యంగ్ మ్యాన్."

"భోజనం చల్లారిపోతుంది" అందావిడ.

"ఓవెన్ ఉందిగా."

గుడి నేలమాళిగలో పాత దీపాలకీ, ఒక చంటిపిల్లల ఉయ్యాలకీ మధ్య నా చక్రాలున్నాయి. ఆయన ధర చీటీలు తెంపి జేబులో కుక్కుకున్నాడు. చెరి రెండు చక్రాలూ తీసుకుని మెట్లెక్కాం. సగంలో ఆయన ఆగాడు. ఆయాసం అనుకున్నాను.

"పొద్దున హడావిడిలో గమనించలేదు. వీటిలో బరువే లేదు!"

"దాని కోసమే వెతికానండీ. చాలా వారాలు."

"ఎలా తెలిసింది ఏది తేలికో?"

మిషను సంగతి చెప్పాను. చక్రాన్ని కావలించుకుని దుకాణం మధ్యలో నిలబడటం కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు గాని, మిగతా మెట్లెక్కుతూ రెండుసార్లు తల ఊపాడు.

కారు వెనక తలుపెత్తి నాలుగూ లోపల సర్దాం. పార్కింగ్ స్థలంలో ఇంకో కారు లేదు. గాలి విసురుగా ఉంది. నేను తలుపు వెయ్యబోతే ఆయన ఆపాడు.

"పాస్టరే చెయ్యాలా? ఇంకెవరైనా చెయ్యొచ్చా?"

"మా దగ్గర సంఘ పెద్దలు కూడా చేస్తారు."

టోపీ తీశాడు. ఒక చక్రం మీద చెయ్యి వేశాడు. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి, "నాకు రావడం లేదు" అన్నాడు. "వాహనాల గురించి నేనెప్పుడూ ప్రార్థించలేదు. నలభై ఏళ్ళు రైళ్ళలో తిరిగాను, ఒక్కసారి కూడా. నువ్వు చెయ్యి. మీ భాషలోనే చెయ్యి. ఆయనకి తెలుస్తుందిలే."

నా గదిలో నేను తప్ప, ఆ దేశంలో నా తెలుగు ప్రార్థన అప్పటిదాకా ఎవరూ వినలేదు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. రోడ్ల గురించి, వానల గురించి, మలుపుల గురించి అడిగాను. బైబిల్లో సముద్రం మధ్యలో శత్రువుల రథాల చక్రాలు ఊడిపోయినట్టు నావి ఊడిపోకుండా కాపాడమన్నాను. అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఈ కారులో పక్క సీటు ఖాళీగా ఉంది ప్రభువా అన్నాను. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు అన్నాను. నా భాషలో ఇంకా చాలా చెప్పుకున్నాను. ముగించి కళ్ళు తెరిచేసరికి ఆయన టోపీ చేతిలో పట్టుకుని ఇంకా తల వంచుకునే ఉన్నాడు. తెల్లటి వెంట్రుకలు గాలికి ఎగురుతున్నాయి.

"అయిపోయింది" అన్నాను.

"ఆమెన్" అన్నాడాయన గట్టిగా. టోపీ పెట్టుకున్నాడు. "ఏమడిగావు?"

"చక్రాలు ఊడిపోకూడదని."

"దానికి అంత పొడుగు ప్రార్థనా?"

"మా భాష కొంచెం పొడుగండీ."

నా మొహం వైపు ఒకసారి చూశాడు. ఇంటికి వెళ్ళి వేడిచేసిన భోజనం తిన్నాం. ఆవిడ ఇండియా ఎండల గురించీ, ఏనుగుల గురించీ అడిగింది. నా ఇంటి సంగతి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సోమవారం టైర్లు ఎక్కించుకుని, ఆ సాయంత్రం చేల వైపు వెళ్ళాను. స్టీరింగ్‌లో వణుకు పోయింది. అంతే కాదు, గతుకుల మీద కారు తడబడకుండా అడుగులు వేస్తున్నట్టుంది. మలుపు తిరుగుతూ, "చూశావా!" అన్నాను పైకి. పక్కన బైబిలు సంచీ ఉంది.

తర్వాతి ఆదివారం పాస్టరు గారు పొరపాటు జరిగిందనీ, చక్రాలు అమ్మకంలో లేవనీ క్లుప్తంగా చెప్పారు. ఆయన మంచి మనసుతోనే చెప్పారు గాని, ఆ రోజు నా చుట్టూ ఎవరూ నిలబడలేదు. కళ్ళు తుడుచుకున్న పెద్దావిడ తన పక్కనున్న ఆవిడతో, ఇచ్చి వెనక్కి తీసుకున్నాడట అని చెప్పడం విన్నాను. మళ్ళీ ఎప్పటిలాగే చేతులు తగిలి వెళ్ళిపోయేవి. అన్న మాత్రం, "నిలబెట్టి చప్పట్లు కొట్టి నీ చక్రాలు గుంజుకున్నరా! మా గుళ్ళ కొబ్బరికాయన్న సగం తిరిగి ఇస్తరు" అని వారం రోజులు నవ్వాడు.

కానీ ఒకటి మారింది. తలుపు దగ్గర ముసలాయన కార్యక్రమ పత్రం నా చేతికిస్తూ, "చక్రాలెలా ఉన్నాయి?" అని అడిగేవాడు. "ఊడలేదండీ" అనేవాణ్ణి. ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు. ఎండాకాలమంతా, ఆకులు రాలే కాలమంతా ఇంతే. అంతకుమించి స్నేహం అనడానికి ఏమీ లేదు. ఆ ఒక్క ప్రశ్న కోసం శనివారం కారు కడిగేవాణ్ణి.

మొదటి మంచు పడగానే ఎనిమిది ఆకుల చక్రాలు విప్పేసి, పాత ఉక్కు చక్రాలే మళ్ళీ బిగించాను. వంగినదాని బదులు అన్న చెప్పినట్టే జంక్‌యార్డ్‌లో ఒకటి దొరికింది. ఆ ఆదివారం ముసలాయన తలుపు బయట ఉప్పు చల్లుతూ నేను కారు దిగడం చూశాడు. నేను మెట్లెక్కే సమయానికి లోపలికి వచ్చి పత్రాల దగ్గర నిలబడ్డాడు.

"చక్రాలేవి? ఊడిపోయాయా?"

"లేదండీ. ఉప్పు తగిలితే పాడవుతాయని తీసి లోపల పెట్టాను."

"లోపలంటే?"

"పడకగదిలో. మంచం పక్కన."

"మంచం పక్కన చక్రాలు పెడితే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా?"

"ఇంట్లో ఎవరూ లేరండీ."

ఆయన పత్రం ఇవ్వబోతున్న చెయ్యి ఆగిపోయింది. నా వెనక ఒక కుటుంబం, వాళ్ళ వెనక ఇంకో కుటుంబం మంచు దులుపుకుంటూ నిలబడ్డాయి.

"ఎవరూ అంటే?"

"ఎవరూ."

"ఈ ఊళ్ళోనా?"

"ఈ దేశంలో."

వెనకనుంచి ఎవరో దగ్గారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు.

"మా ఆవిడ ఈ రోజు కోడి వండింది" అన్నాడు. "ఆరాధన అయ్యాక, నేను కానుకల లెక్కలూ గిక్కలూ ముగించుకుని వచ్చేదాకా ఈ తలుపు దగ్గరే ఉండు. నీ పేరు నాకు సరిగ్గా పలకడం రాదు. తినేటప్పుడు నేర్పుదువుగాని."

సరేనన్నాను. వెనకవాళ్ళు కదలమంటున్నారు. పత్రం తీసుకోవడం మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏ పాట ఎప్పుడు వస్తుందో తెలియక, అందరి తర్వాత అందుకుంటూ పాడాను.